రూపాయికి బొమ్మ ఒక్కటేనా?

బ్రిటిష్ ఇండియా నాణేల మీద, నోట్ల మీద వచ్చే పుస్తకాలు, ప్రదర్శనలు చూస్తుంటే మాకొక అనుమానం. ఇంత చరిత్రలో కూలివాడి చెయ్యి ఒక్కటీ కనపడదేం? 1835లో కంపెనీ తన ఏలుబడికంతటికీ ఒకే రూపాయి తెచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, మీద నాలుగో విలియం బొమ్మ. తర్వాత విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జిలు. 1861 చట్టంతో నోటు వేసే హక్కు బ్యాంకుల నుంచి సర్కారు చేతికి పోయింది. ఏది ఏ టంకశాలది, ఏది అరుదు, ఏది ఎంత పలుకుతుంది - ఇదీ వరస. రాజుల చరిత్ర చాలదని అందరూ ఒప్పుకున్నాక కూడా నాణెం దగ్గర రాజు తలకాయే చరిత్రగా మిగిలింది.

మన వైపు చూద్దాం. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో వరహాకి 42 పణాలు, పణానికి 80 కాసులు. అంటే వరహాకి 3,360 కాసులు. పెద్ద లెక్కలు వరహాల్లో, బీదవాడి బేరం రాగిలో. మనం వాడే 'డబ్బు' అనే మాటే ఒక రాగి నాణెం పేరు. 1807-08లో మద్రాసు టంకశాల వేసిన వెండి నాణేల మీద తెలుగు అక్షరాలున్నాయని భాషాభిమానులు మురిసిపోతారు. ఆ అక్షరాలు చదివే బడి మాల మాదిగ పిల్లలకి ఎక్కడుందో మాత్రం అడగరు.

ఈ ప్రశ్నకి దగ్గరగా వచ్చినవాడు అంబేద్కరే. 1923లో లండన్లో అచ్చయిన 'రూపాయి సమస్య' బొమ్మల ఊసెత్తదు. విలువ ఎవరు కడతారు, నష్టం ఎవరు మోస్తారు అని అడుగుతుంది. వెండి ధర పడిపోయి, సుమారు 2 షిల్లింగుల రూపాయి 1893 నాటికి 1 షిల్లింగ్ 3 పెన్నీల దాకా దిగింది. ఆ ఏడాది సర్కారు జనం తెచ్చే వెండికి టంకశాలలు మూసింది. రూపాయి పడితే ఎగుమతులు పెరిగి దేశానికి లాభమన్న వాదాన్ని అంబేద్కర్ ఒప్పుకోలేదు. ధర ముందు పెరుగుతుంది, కూలి వెనక కుంటుతూ వస్తుంది. ఎగుమతిదారు మిగుల్చుకునేది కూలివాడి కడుపులోంచి తీసిందేనన్నాడు. ముందుమాట రాసిన గురువు ఎడ్విన్ కెనన్ కూడా ఆయన వాదాలన్నిటితో ఏకీభవించలేదు.

ఇక మన వాళ్ల సంగతి. రిజర్వు బ్యాంకు అంబేద్కర్ పుస్తకం నుంచే పుట్టిందని సభల్లో చెప్పుకుంటాం, పుస్తకం మాత్రం తెరవం. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యమిచ్చిన మాట నిజం. అయితే ఆయన అడిగింది, రూపాయలు ముద్రించడం ఆపమని, రూపాయిని బంగారంలోకి మార్చే పూచీ సర్కారు పెట్టుకోవద్దని. సర్కారు చేతికి హద్దు వెయ్యాలనే పట్టుదల అది. 1926లో కమిషన్ కేంద్ర బ్యాంకుతో పాటు బంగారు కడ్డీల ప్రమాణం సిఫారసు చేసింది. రెండూ ఒకటి కావు. పూలదండ వేసి ఆ తగువుని కప్పెయ్యడం మాకు నచ్చదు.

పుస్తకంతో మాకూ ఒక పేచీ ఉంది. అందులో కూలివాడు డబ్బు కూలి తీసుకునేవాడు. గింజల కూలికి, ఏడాది జీతానికి కట్టుబడ్డ పాలేరు ఎక్కడ? ధర పెరిగితే గింజల కూలివాడికి మేలే కదా అనొచ్చు. గింజ ప్రియమైన రోజున డబ్బులిస్తాననీ, చౌకైన రోజున గింజలే పట్టుకుపొమ్మనీ అనే ఆసామిని ఎరగనివాళ్లు మనలో ఉన్నారా? పైగా ఇచ్చిన డబ్బులు చేతిలో పెట్టరు, పైనుంచి పడేస్తారు. మనం ఇచ్చిన నాణెం మీద నీళ్లు చల్లి తీసుకున్న కొట్లుండేవి. ఈ మారకపు రేటు ఏ కమిషనూ విచారించలేదు.

1943లో యుద్ధం రోజుల్లో లోహం పొదుపుకని నడిమధ్య చిల్లుతో కాణీ వేశారు. దాన్ని కూలిగా అందుకున్న చేతులు మన వాడల్లో ఇంకా కొన్నే మిగిలాయి. సేకరించాల్సింది ముందు ఆ మాటల్ని.