‘పాల్సీ’ అను మాట: వణకా, పక్షవాయువా?

పాత ఆంగ్ల వ్యాఖ్యానములను దగ్గర పెట్టుకొని ప్రసంగము సిద్ధపరచుకొను బోధకులకు ‘పాల్సీ’ అను మాట తరచుగా ఎదురగును. 1611 నాటి కింగ్ జేమ్స్ తర్జుమాలో, మార్కు 2వ అధ్యాయమందు నలుగురు మోసికొని వచ్చిన రోగి ‘పాల్సీ’ గలవాడు. మన తెలుగు బైబిలులో అతడు పక్షవాయువు గలవాడు. ఈ రెండు మాటల భావము ఒకటేనా అనునది ఇక్కడ మేము పరిశీలింపగోరు ప్రశ్న.

మత్తయి, మార్కు వాడిన గ్రీకు పదము ‘పారలుటికోస్’. లూకా 5:18లో అదే ధాతువునుండి వచ్చిన వేరొక రూపము కలదు. అవయవముల పట్టు సడలిపోవుట దీని భావము. దీనికి మూలమైన గ్రీకు మాటయే లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా వచ్చి ఆంగ్లములో ‘పాల్సీ’ అయినది. అయితే ఆంగ్ల సాహిత్యములో దానికి వణకు అను అర్థము కూడ అంటుకొనినది. 1820లో ప్రచురింపబడిన కీట్స్ కావ్యము ‘ది ఈవ్ ఆఫ్ సెయింట్ ఆగ్నెస్’లో వృద్ధురాలైన ఆంజెలాకున్న పాల్సీ, ముసలితనపు వణకే. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వణకు వ్యాధిని వర్ణించుచు దానిని ‘షేకింగ్ పాల్సీ’ అనెను. ‘షేకింగ్’ అని వేరుగా చేర్చవలసి వచ్చుటయే, పాల్సీ అనగా వణకు మాత్రమే కాదని చూపుచున్నది. 1946 నాటి ఆర్.ఎస్.వి. క్రొత్త నిబంధన ‘పాల్సీ’ని విడిచి ‘పారలిటిక్’ అనెను.

మన అనువాదకులు ఈ తికమకలో పడలేదు. మార్కు 5:33లోను ఫిలిప్పీ 2:12లోను గ్రీకు మాట వేరు. అక్కడ వారు వణకు అనిరి. ‘పక్షవాయువు’లోను కొంత కొరత లేకపోలేదు. పక్షమనగా ప్రక్క, గ్రీకు పదము ఒక ప్రక్క మాత్రమే పడిపోయెనని చెప్పదు. అయినను వణకును రోగిమీద మోపలేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల విశ్వాసులు కూడ ఈ రెండిటిని కలపరు. ‘పచ్చవాతమొచ్చి కాలుచెయ్యి పడిపోయింది’ అనుట వేరు, ‘చేతులు వణుకుతున్నయి’ అనుట వేరు. మరమగ్గము నడిపినవారికి, బీడీలు చుట్టినవారికి చేయియే జీవనాధారము గనుక ఈ భేదము వారికి అనుభవమే.

కలిపినది ప్రసంగపీఠమే. మార్కు 2లోని రోగిని పాపభీతితో వణకువానిగా వర్ణించుట మేము పలుమారులు వింటిమి. చేయి వణకుటచేత ప్రభువు బల్లయొద్ద పాత్ర పట్టుకొనలేని వృద్ధురాలు ఆ మాట వినినప్పుడు ఏమనుకొనును? తన వణకు తన పాపమునకు గురుతని కాదా? వాక్యము అట్లు చెప్పలేదు. ప్రభువు అతనిని లేపినది, పాపములు క్షమించు అధికారము తనకు కలదని తెలియజేయుటకే. వ్యాధిగల ప్రతివాని వెనుక పాపమును వెదకు ఆలోచనను యోహాను 9:3లో ఆయన త్రోసివేసెను. పార్కిన్సన్ వ్యాధి మెదడులో డోపమైన్ తయారుచేయు కణములు క్షీణించుటవలన కలుగునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. వణకును తగ్గించు మందులును కలవు. ప్రతి వణకు ఆ వ్యాధి కాదు గనుక వైద్యుని చూపవలెను.

కావున ఆంగ్ల వ్యాఖ్యానము తెరచుటకు ముందు తెలుగు మాటను చదువుదము. వణకు చేతులవారు బల్లయొద్దకు వచ్చినప్పుడు పాత్రను మన చేతితో పట్టి అందించుదము.