చూచిరాత నిలబెట్టిన భాష

నిప్పూర్‌ను రాజధానిగా చేసుకుని ఏలిన రాజవంశం ఒక్కటీ లేదు. అయినా ప్రాచీన సుమేరు నేలకు రాజుననిపించుకోవాలంటే ఎంతటివాడికైనా నిప్పూర్ ఆమోదం కావాలి. దేవతల్లో పెద్ద అయిన ఎన్‌లిల్ అక్కడే కొలువున్నాడు. ఆయన గుడి పేరు ఎకూర్. ఉర్ రాజు ఉర్‌నమ్ము క్రీ.పూ. 2100 ప్రాంతంలో ఆ గుడికి జిగ్గురాత్ అనే మెట్ల గోపురం కట్టించాడు. తర్వాతి రాజులు ఏ ఊరివాళ్లైనా, ఏ భాషవాళ్లైనా, వందల ఏళ్లపాటు దానికి మరమ్మతులు చేయిస్తూనే వచ్చారు.

ఇప్పుడు నిప్పూర్ ఇరాక్‌లో, అఫక్ పట్టణానికి దగ్గర్లో, మట్టిదిబ్బల వరస. అక్కడివాళ్లు నుఫ్ఫర్ అంటారు. ఒకప్పుడు ఊరి మధ్య నుంచి నీళ్లు పారేవి. యూఫ్రటీస్ దారి మార్చుకున్నాక ఊరూ ఎండింది, పొలాలూ ఎండాయి. పాయ పారిన పల్లం మాత్రం దిబ్బలను రెండుగా చీలుస్తూ ఇప్పటికీ కనిపిస్తుంది. నడుస్తుంటే కాళ్ల కింద అంతా కుండపెంకులే. జిగ్గురాత్ మీద కనిపించే మట్టి ఇటుకల కట్టడం మాత్రం సుమేరియన్లది కాదు. 1889, 1900 మధ్య తవ్వకాలు జరిపిన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఉండడానికి కట్టుకున్నది. వచ్చినవాళ్లంతా ముందు అటే ఎక్కుతారు. నేనూ ఎక్కాను. కానీ అంతదూరం వెళ్లింది గుడి కోసం కాదు, దానికి దక్షిణంగా ఉన్న దిబ్బ కోసం. పురావస్తు శాస్త్రవేత్తలు దానికి పలకల దిబ్బ అని పేరు పెట్టారు.

1951-52లో ఆ దిబ్బలో ఒక చిన్న ఇల్లు బయటపడింది. తవ్వకాల రికార్డుల్లో దాని పేరు ‘ఎఫ్ ఇల్లు’. కొద్ది గదుల మామూలు కొంప. అందులో దాదాపు 1400 మట్టిపలకల ముక్కలు దొరికాయి. క్రీ.పూ. 1740 ప్రాంతంలో అది బడి. పిల్లలకు రాత నేర్పిన చోటు.

అక్కడ చదువు ఎలా సాగిందో ఆ పలకలే చెబుతాయి. మొదట మూడే గుర్తులు: నిలువు, అడ్డం, ఏటవాలు. రెల్లు పుల్ల కొసను తడి మట్టిలో నొక్కి అవే మళ్లీ మళ్లీ వేయాలి. సంగీతం నేర్చుకునేవాళ్లు సరళీ వరసలు పాడినట్టే. తర్వాత అక్షరాల గుణింతం, మనుషుల పేర్లు. ఆ తర్వాత పెద్దపెద్ద పట్టికలు: చెట్లు, చెక్క సామాన్లు, కుండలు, తోళ్లు, లోహాలు, పశువులు, చేపలు, పక్షులు, బట్టలు. ఆపైన ఎక్కాలు, తూనికలు, ఒప్పంద పత్రాల నమూనాలు, సామెతలు. ఇవన్నీ చేతికి వచ్చాకే కావ్యాలు.

ఒక రకం బడిపలకను దగ్గరగా చూడాలి. ఎడమవైపు గురువు ఒరవడి పెట్టాడు. గీతలు సమంగా, వరసలు తిన్నగా ఉంటాయి. కుడివైపు పిల్లాడు దాన్ని చూసి రాశాడు. బాగా రాకపోతే మట్టిని చదును చేసి మళ్లీ రాశాడు, మళ్లీ చెరిపాడు. చెరిపి చెరిపి కుడి సగం అరిగి, ఎడమ సగంకంటే పలచబడిపోయింది. ఆ పలచదనాన్ని చూస్తే పిల్లాడు పడిన శ్రమ ఎంతో తెలుస్తుంది. దాదాపు 3700 ఏళ్ల తర్వాత కూడా!

పని అయిపోయిన పలకలను ఎవరూ దాచుకోలేదు. ఎఫ్ ఇంట్లో తారు పూసిన తొట్టి ఉంది. పాత పలకలను అందులో నానబెట్టి, పిసికి, కొత్తవి చేసేవారు. ఇల్లు బాగుచేసేటప్పుడు కొన్నింటిని గోడల్లో, నేలలో పూడ్చేశారు. క్రీ.పూ. 1720 ప్రాంతంలో నిప్పూర్ చాలావరకు ఖాళీ అయింది. మళ్లీ పిసకడానికి ఎవరూ లేక మిగిలినవి మిగిలాయి.

ఇందులో నన్ను కదిలించిన సంగతి ఒకటుంది. ఆ పిల్లలు ఇళ్లలో మాట్లాడుకున్నది అక్కాదియన్. సుమేరియన్ అప్పటికే జనం నోట లేదు. ఎవరి తల్లీ మాట్లాడని భాషను బడిలో చూచిరాతతో చేతికి ఎక్కించుకున్నారు. గిల్గమేష్ గురించిన సుమేరియన్ కథలు, ఇనాన్నా దేవత పాతాళానికి దిగిన కథ ఇవాళ మనం చదవగలుగుతున్నామంటే చాలావరకు నిప్పూర్ బడిపిల్లల ప్రతుల వల్లే. ఎకూర్‌లో రాజులు సమర్పించిన వెండి బంగారాలు ఎప్పుడో చెల్లాచెదురయ్యాయి. పిల్లలు రాసి పారేసిన మట్టి ఒక సాహిత్యాన్ని మోసుకొచ్చింది.

ఆ మట్టిని మళ్లీ చదివించడమూ ఓపిక పనే. పెన్సిల్వేనియా వాళ్ల తవ్వకాల్లో దొరికిన పలకలు ఇస్తాంబుల్, ఫిలడెల్ఫియా, జర్మనీలోని యెనా నగరాలకు చేరాయి. ఇనాన్నా కథ పలక ఒకటి రెండుగా విరిగి, ఒక సగం ఇస్తాంబుల్‌లో, మరో సగం ఫిలడెల్ఫియాలో ఉండిపోయింది. సుమేరియన్ పండితుడు శామ్యూల్ నోవా క్రేమర్ ఇస్తాంబుల్ మ్యూజియంలో కూర్చుని ముక్క వెనక ముక్క చేత్తో ఎత్తి రాసుకుని, అతుకులు కుదిర్చాడు. పిల్లలు చేసిన పనే ఆ పండితుడూ చేశాడు: చూసి రాయడం.

మన సంగతీ అంతే. తాటాకు పాడైపోయేలోపు ఎవరో ఒకరు కొత్త ఆకు మీద ఎత్తి రాయకపోతే మన కావ్యాలు మనదాకా వచ్చేవి కావు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులు రాయించి, పాఠాలు సరిచూయించడం తెలుగుకు ఎంత మేలు చేసిందో మనకు తెలుసు.

రాయడం నేర్చుకుంటామని నా దగ్గరకు వచ్చే పిల్లలకు ఎప్పుడూ ఒకటే చెబుతాను. మీకు నచ్చిన వచనం రోజూ ఒక పేజీ చేత్తో ఎత్తి రాయండి. సొంత రాతకు అది అడ్డమని కొందరు భయపడతారు. అడ్డం కాదు. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరిగిందో, క్రియ ఎందుకు అక్కడే పడిందో కంటితో చదివితే జారిపోతుంది. చేత్తో రాస్తే పట్టుబడుతుంది. నా వాక్యం నేను నేర్చుకున్నది అలాగే. ఇప్పటికీ ఆ అలవాటు మానలేదు.

మన బళ్లలో చూచిరాత గంట ఉంటే ఉండనివ్వండి. తీసేసి ఉంటే మళ్లీ పెట్టండి. ఆ కాగితాలు దాచక్కర్లేదు, మార్కులు వేయక్కర్లేదు. భాషను తర్వాతి తరానికి అందించడానికి పండితులే కానక్కర్లేదు. శ్రద్ధగా నేర్చుకునే పిల్లలు, ఓపికగా ఒరవడి పెట్టే గురువు ఉంటే చాలు. నిప్పూర్‌లో ఆ పని జరిగింది ఒక చిన్న ఇంట్లో. మన ఊళ్లలోనూ జరగడానికి అంతకన్నా ఎక్కువేమీ అక్కర్లేదు.