పొద్దుండగా చేరే ఊరు

కొత్త జంట కారులో హనీమూన్‌కి బయల్దేరుతోందంటే అందరూ అడిగేది ఎక్కడికని. అరకా, ఊటీనా, కూర్గా? నేను అడిగేది దారిలో ఎక్కడ ఆగుతున్నారని. చాలామంది దగ్గర దీనికి జవాబుండదు. "హైవే పక్కన బోలెడు హోటళ్లుంటాయి కదా, అలిసిపోయినచోట ఆగుతాం" అంటారు. అరకులో గది కోసం నెల ముందు నుంచే వెతుకులాట, ఫొటోలు చూసుకోవడం, రివ్యూలు చదవడం. దారిలో రాత్రికి మాత్రం ఏది దొరికితే అది. నాకు ఈ పద్ధతి నచ్చదు. అరకు ఎలాగూ బాగుంటుంది. ముందే ఆలోచించి బాగుండేలా చూసుకోవాల్సింది మధ్యలో వచ్చే ఆ ఒక్క సాయంత్రాన్ని.

పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో ఆ ఇద్దరూ ఇంకెవరూ లేకుండా ఒక పగలంతా గడపడం చాలాసార్లు ఆ కారులోనే మొదలు. నిశ్చితార్థం నుంచి సత్యనారాయణ వ్రతం దాకా చుట్టూ జనమే. గదిలో ఉన్నా తలుపు అవతల మేనత్తలు, పిన్నులు, పరుగులు తీసే పిల్లలు. కారెక్కాక ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది కాబట్టి మాట తేలిగ్గా వస్తుంది. ఎదురుగా కూర్చుని అడగలేనివి పక్కపక్కన కూర్చున్నప్పుడు అడగ్గలుగుతారు. చిన్నప్పటి బడి సంగతులు, మానేసిన ఉద్యోగం, నాన్నతో ఉన్న పేచీ, అన్నీ సూర్యాపేట దాటేలోగా బయటికొస్తాయి. సాయంత్రానికి కారు ఆగుతుంది. గదిలో ఓ మంచం, ఓ టీవీ, కిటికీ తీస్తే లారీల పార్కింగ్. పొద్దుటి నుంచి సాగిన మాట అక్కడ తెగిపోతుంది. చేతుల్లోకి ఫోన్లు వస్తాయి. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆగిన చోటు అలాంటిది.

మా అక్క కూతురి పెళ్లి మార్గశిరంలో అయింది. హైదరాబాద్ నుంచి అరకు, సొంత కారులో. బయల్దేరే ముందు ఫోన్ చేసింది.

"పిన్నీ, తను ఒక్కరోజులో వైజాగ్ వెళ్లిపోదాం అంటున్నాడు. తెల్లవారుజామున బయల్దేరితే రాత్రికి చేరిపోతామట."

"చేరతారమ్మా. చేరి ఏం చేస్తారు? పడి నిద్రపోతారు."

"మరి ఎంత దూరమైతే బాగుంటుంది?"

దూరం నుంచి మొదలుపెట్టొద్దన్నాను. పొద్దు గుంకే వేళ నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాను. మార్గశిరంలో గోదావరి జిల్లాల్లో సాయంత్రం ఐదున్నర ప్రాంతానికే సూర్యుడు దిగిపోతాడు. అంతకు గంటన్నర ముందు, అంటే నాలుగింటికల్లా గది తాళం చేతికి రావాలి. ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకుని, టీ తాగి, వెలుతురు ఉండగానే ఇద్దరూ నడిచి బయటికి వెళ్లాలి. అక్కడి నుంచి వెనక్కి రండి. మధ్యాహ్న భోజనానికి గంట, టిఫిన్‌కి అరగంట, టీకి మరో రెండుసార్లు ఆగడం. పొద్దున ఆరింటికి బయల్దేరారనుకుంటే ఇక మిగిలేది 400 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. విజయవాడ దాకా 275, అక్కడి నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా ఇంకో 150. అంటే మీ ఊరు గోదావరి ఒడ్డునే ఉంది, వేరే వెతకక్కర్లేదన్నాను. వేసవి ముహూర్తాల్లో పొద్దు గంటకు పైగా పొడుగు. కానీ ఎండ కూడా అంతే. అప్పుడైనా నాలుగింటి లెక్క మార్చను.

గోదావరి ఒడ్డు అనగానే సరిపోదు. ఏ ఒడ్డు అన్నది చూసుకోవాలి. హోటల్ వాళ్లంతా "రివర్ వ్యూ" అంటారు, ఎటు చూస్తే నది అనేది ఎవరూ చెప్పరు. రాజమండ్రి తూర్పు గట్టు మీద ఉంది, కొవ్వూరు పడమటి గట్టు మీద. సాయంత్రం రాజమండ్రి ఘాట్ల మీద కూర్చుంటే సూర్యుడు నది అవతలే దిగుతాడు. అదే కొవ్వూరులో అయితే పొద్దు మీ వీపు వెనక ఊళ్లో గుంకుతుంది, తెల్లవారుజామున లేచేవాళ్లకే నది మీద వెలుగు. కొత్త పెళ్లివాళ్లకు సాయంత్రం కావాలి కాబట్టి రాజమండ్రే. కంటి ముందు వంతెనలు ఉండనే ఉన్నాయి. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసి ఇప్పుడు ఊరకే నిలబడి ఉన్న హేవలాక్ వంతెన, 1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెన, విల్లులా వంగిన కమానుల కొత్త రైలు వంతెన. చీకటి పడే వేళకు ఏదో ఒక రైలు కిటికీల్లో దీపాలు వెలిగించుకుని దాటుతుంది. ఇద్దరూ కలిసి చూడటానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండటం నా మటుకు శృంగారానికి మొదటి అవసరం. మాట ఆగిపోయినా ఇబ్బందిగా ఉండదు.

రాజమండ్రి రద్దీ వద్దనుకునేవాళ్లకు దిండి ఉంది. భీమవరం, పాలకొల్లు మీదుగా వెళ్లి చించినాడ వంతెన మీద వశిష్ఠను దాటగానే కోనసీమ మొదలు. ఇదీ నదికి తూర్పు గట్టే, ఇక్కడా పొద్దు నీళ్లవైపే వాలుతుంది. కొబ్బరి తోటల మధ్య టూరిజం వాళ్ల రిసార్ట్ ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. ఇక్కడికి వచ్చేవాళ్లు చీకటి పడక ముందు చేరడం మరీ అవసరం. కోనసీమ అందమంతా కాలవ గట్ల రోడ్ల మీదే. రాత్రి ఆ రోడ్ల మీద ఎదురొచ్చే లైట్లు తప్ప ఏమీ కనిపించవు.

నాకు మాత్రం రాజమండ్రి వైపు మొగ్గు ఎక్కువ. ఆ మొగ్గుకు కారణం ఆత్రేయపురం. హైవే మీద సిద్ధాంతం దగ్గర వశిష్ఠను దాటి రావులపాలెంలో దిగితే ఆ ఊరు దగ్గరే. పూతరేకులు డబ్బాల్లో కొనుక్కోవడం కోసం అయితే అక్కడిదాకా వెళ్లక్కర్లేదు, హైవే పొడుగునా దుకాణాలే. రేకు తీయడం చూడాలి. బోర్లించిన కుండ, కింద మంట, పక్కన గిన్నెలో పాలలా పల్చగా రుబ్బిన బియ్యప్పిండి. అక్కడ కూర్చున్నావిడ పల్చటి గుడ్డను రెండు చేతులతో పట్టుకుని పిండిలో ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతుంది. లాగిన చోటే రేకు ఆరిపోతుంది. అంచు కాస్త పైకి లేస్తుంది. దాన్ని వేళ్లతో పట్టి ఒలిచి పక్కన పెట్టి, మళ్లీ గుడ్డ ముంచుతుంది. చూస్తున్నవాళ్లు ఊపిరి గట్టిగా వదిలినా ఎగిరిపోయేలా ఉంటుంది ఆ రేకు. నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి మడిచి చేతిలో పెడితే నోట్లోకి వెళ్లేలోపే సగం ఒళ్లో రాలుతుంది. 2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా అమ్మాయి, అల్లుడు అక్కడ అరగంట అనుకుని గంటన్నర కూర్చున్నారట. అక్కడే అతను తన నాయనమ్మ గురించి మొదటిసారి చెప్పాడని ఆ రాత్రి మెసేజ్ పెట్టింది.

గది ఎంచుకోవడంలో ఫొటోలను నేను నమ్మను. ఫోన్ చేసి మాట్లాడమంటాను. అడగాల్సిన మొదటి మాట: ఆ రోజు మీ దగ్గర ఫంక్షన్ ఉందా? మన దగ్గర పెళ్లయిన వారానికే హనీమూన్ వెళ్తారు. అంటే అది ఇంకా ముహూర్తాల కాలమే. నది ఒడ్డు రిసార్టుల లాన్లలో ఆ రోజుల్లో వేరేవాళ్ల పెళ్లిళ్లు జరుగుతుంటాయి. అర్ధరాత్రి దాకా డీజే, తెల్లారకుండానే మేళం. సొంత పెళ్లి బాజా చెవుల్లోంచి పోకముందే ఇంకొకరి బాజా ఎందుకు? రెండోది, గది బయట ఇద్దరు కూర్చోడానికి వీలుగా వరండాగానీ బాల్కనీగానీ ఉందా, కుర్చీలు వేస్తారా? మూడోది వంటగది ఎన్నింటికి మూసేస్తారు. నది దగ్గర దోమలుంటాయి కాబట్టి కిటికీలకు జాలీ గురించీ అడగాలి. ఇవన్నీ విసుక్కోకుండా చెప్పే మనిషి ఉన్న చోట మర్యాద కూడా బాగుంటుందని నా అనుభవం.

"హనీమూన్ ప్యాకేజీ" అని కొందరు మంచం మీద గులాబీ రేకులు పోసి, తువ్వాళ్లను హంసలుగా మడిచి పెడతారు. ఆ డబ్బు పెట్టి నదివైపు గది తీసుకోండి. తడి రేకుల మరకలు అంటిన దుప్పటి మీద పడుకోవడం కంటే గాలి వచ్చే కిటికీ మేలు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ గది ఎంపికలో పెళ్లికూతురిని అడగడం ఇప్పటికీ తక్కువే. అబ్బాయి స్నేహితులు ఊరు చెబుతారు, అబ్బాయి బుక్ చేస్తాడు, ఆమె చేరాక చూస్తుంది. పరాయి ఊళ్లో గడియ సరిగ్గా పడని తలుపు, బురదగా ఉన్న బాత్రూమ్ ఆమెను ఎంత ఇబ్బంది పెడతాయో చెప్పుకునేంత చనువు ఇంకా ఏర్పడి ఉండదు. ఇద్దరూ కలిసి ఫోన్లో వెతకండి, ఆమె వద్దన్నది వద్దనే అనుకోండి.

మిగతా దారుల గురించి క్లుప్తంగా. శ్రీశైలం వైపు వెళ్లేవాళ్లు నల్లమలలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. గండికోట చలికాలంలో అద్భుతం. వైశాఖంలో అక్కడి బండరాళ్లు రాత్రి కూడా సెగ కక్కుతాయి, ఆ రోజుల్లో అయితే హార్స్‌లీ కొండలే నయం.

గోదావరి దగ్గర ఆగినవాళ్లకు మరునాటి దారి కూడా కలిసొస్తుంది. రాజమండ్రి నుంచి అన్నవరం గంటన్నర. దారిలో ఉంది కదా, అక్కడా ఓ వ్రతం చేసుకొచ్చేయండి అని పెద్దవాళ్లు అంటారు. వ్రతం ఇంటివాళ్లందరితో వేరే రోజు పెట్టుకోండి. ఈ ప్రయాణంలో రత్నగిరి ఎక్కి దర్శనం చేసుకుని, ఆకులో కట్టిచ్చే గోధుమనూక ప్రసాదం వేడిగా తింటే చాలు. సాయంత్రానికి వైజాగ్. అరకు ఘాట్ ఆ రోజే ఎక్కాలని చూడొద్దు. శృంగవరపుకోట దాటాక మలుపులన్నీ పగటివెలుగులో చూడాల్సినవి, పైగా చలికాలంలో పొద్దుపోతే పొగమంచు దిగుతుంది. అనంతగిరి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, అరకు దగ్గర పడుతుంటే పచ్చగా పూసిన వలిసె చేలు, చీకట్లో అన్నీ పోతాయి.

అందుకే మా అమ్మాయికి చివరగా చెప్పింది ఇది: డిసెంబరు, జనవరిలో అరకులో గది దొరకడం కష్టం, కాబట్టి అది ముందే బుక్ చేసుకోండి, అది కూడా ఒక రోజు ఆలస్యంగా చేరేలా. వైజాగ్‌లో ఏ రోజైనా ఏదో ఒక గది దొరుకుతుంది, దాన్ని బుక్ చేయకుండా వదిలేయండి. గోదావరి ఒడ్డున రెండో సాయంత్రం కూడా ఉండాలనిపిస్తే ఉండిపోవచ్చు. వాళ్లు ఉండిపోయారు.