తొందర లేని కొలిమి

1937లో బోధన్‌లో వెలిసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి నిజాంసాగర్ కాలువల కింద పెరిగిన చెరుకే ఆధారం. రసం పిండగా మిగిలిన పిప్పి బాయిలర్లకు మేత. ఆ పిప్పిలో ఉన్నది, పంట పది పన్నెండు నెలలు ఆకులతో పట్టి దాచుకున్న ఎండే. అయితే ఆ ఎండ సూర్యుడిలో ఎలా తయారవుతుందో అప్పటికింకా లెక్క తేలలేదు. 1938-39లో హాన్స్ బేథే వంటి భౌతిక శాస్త్రవేత్తలు తేల్చారు.

సూర్యుడిలో జరిగేది మంట కాదు. నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు మెట్టుమెట్టుగా కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. ఆ హీలియం కథలో మన గుంటూరుకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ వేళ ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడి నుంచే సూర్యజ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. అలాంటి వర్ణపటాల్లోని ఒక పసుపు గీతే తర్వాత హీలియం గుర్తుగా తేలింది.

కలయికలో వెయ్యింట ఏడు వంతుల ద్రవ్యరాశి తగ్గి శక్తిగా మారుతుంది. సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ మారితే, అందులో శక్తిగా వెళ్లేది 40 లక్షల టన్నులు.

ఇంత భారీ లెక్క వెనక పని మాత్రం మహా నిదానం. గర్భంలో కోటిన్నర డిగ్రీల వేడి ఉన్నా ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఒక్కో ప్రోటాన్‌కు జత కుదరడానికి సగటున వందల కోట్ల ఏళ్లు పడుతుంది. అందుకే అక్కడి ఒక ఘనమీటరు ఇచ్చే వేడి, అంతే పరిమాణంలో ఉన్న పెంటకుప్ప ఇచ్చే వేడితో సమానం. మిగతాదంతా సూర్యుడి పరిమాణం చేసే మాయ.

అదుపు చూడండి. బాయిలర్ మంట దగ్గర మనిషి కాపు కాయాలి. సూర్యుడిలో కలయికలు పెరిగితే గర్భం ఉబ్బి చల్లబడుతుంది, తగ్గితే కుంచించుకుని వేడెక్కుతుంది. తన బరువే తనకు కాపలా.

పుట్టిన శక్తి కణాలకు తగులుతూ, దారి మళ్లుతూ పైకి రావడానికి వేల ఏళ్లు, బహుశా లక్ష దాటి కూడా పడుతుంది. చివరి పొరల్లో మరిగే వాయువే దాన్ని మోసుకొస్తుంది. సుమారు 5,500 డిగ్రీల ఉపరితలాన్ని వదిలాక మాత్రం 15 కోట్ల కిలోమీటర్ల దూరం 8 నిమిషాల 20 సెకన్ల ప్రయాణమే.

460 కోట్ల ఏళ్లు వెలిగాక కూడా ఇంకో 500 కోట్ల ఏళ్లకు ఇంధనం మిగిలిందంటే, ఆ మొదటి జత అంత అరుదుగా కుదరడమే కారణం.