తెరమీది సత్యం

డాక్యుమెంటరీ అంటే సత్యమనీ, కథాచిత్రం అంటే కల్పన అనీ సాధారణంగా అనుకుంటారు. ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో నాలుగు చిత్రాలను పక్కపక్కన పెట్టి పరిశీలించవచ్చు.

వాల్ట్ డిస్నీ సంస్థ 1958లో విడుదల చేసిన 'వైట్ వైల్డర్‌నెస్' డాక్యుమెంటరీకి ఆస్కార్ బహుమతి లభించింది. లెమ్మింగులనే ధ్రువప్రాంతపు చిట్టెలుకల వంటి జంతువులు గుంపుగా కొండ అంచునుంచి సముద్రంలోకి దూకుతున్నట్లు అందులో ఒక దృశ్యం ఉన్నది. దానిని తీసినది కెనడాలో సముద్రతీరమే లేని ఆల్బర్టా రాష్ట్రంలో! వేరొకచోటినుంచి తెచ్చిన కొద్దిపాటి జంతువులను గుంపుగా కనిపించేటట్లు చిత్రించి, ఆపై నదిలోకి తోలారని కెనడా ప్రసార సంస్థ 1982లో బయటపెట్టింది. లెమ్మింగుల సంఖ్య మూడు నాలుగేళ్లకొకసారి విపరీతంగా పెరుగుతుంది. అప్పుడవి కొత్త తావులకు వలసపోతాయి. నీటిని దాటబోయి కొన్ని మునిగిపోతాయి. అది ఆత్మహత్య కాదు.

పెర్సీ స్మిత్ 1910లో తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ ఫ్లవర్'లో, గంటల తరబడి విచ్చుకొనే పూలు క్షణాలలో విచ్చుకుంటాయి. విరామాలతో తీసిన చిత్రాలను వరుసగా చూపడమే ఇందులోని యుక్తి. కాని పువ్వు చేయని పనిని చేసినట్లు ఇది చూపదు. మన కంటికి అందని కదలికను అందిస్తుంది.

స్టాన్లీ కూబ్రిక్ 1968లో తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కేవలం కల్పన. అయినా శూన్యంలో ధ్వని ప్రసరించదన్న సూత్రాన్ని అది పాటించింది. వెలుపలి దృశ్యాలలో వ్యోమనౌకల రొద వినిపించదు. దానిలోనూ పొరపాటు లేకపోలేదు: భారరహిత స్థితిలో గొట్టంతో పీల్చిన ద్రవాహారం, పీల్చడం ఆపగానే కిందికి జారుతుంది. ఎందుకు జారకూడదో చెప్పమంటే విద్యార్థులకు మంచి అభ్యాసమవుతుంది.

ఇక 1957 నాటి 'మాయాబజార్'లో లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుని నోటిలోకి ఎగిరిపోతాయి. మార్కస్ బార్‌ట్లే కెమెరా పనితనానికి అందరూ ఆనందించారు, మోసపోయినవారు లేరు. మాయ అని పేరులోనే చెప్పిన చిత్రమది.

కనుక దోషం యుక్తిలో లేదు, దానిని దాచి సత్యమని నమ్మించడంలో ఉన్నది. తరగతిలో ఏ చిత్రాన్ని చూపినా ఉపాధ్యాయులు మూడు ప్రశ్నలు వేయించాలి: దీనిని ఎక్కడ తీశారు? కాలాన్ని, పరిమాణాన్ని మార్చారా? ఈ సంగతి వేరే ఆధారంతో రుజువైనదా? పుస్తకంలోని తప్పును దిద్దడం సులభం. కళ్లారా చూశాననే నమ్మకాన్ని దిద్దడం కష్టం.