'అడ్ హాక్': తాత్కాలికమా? తదర్థమా?

లాటిన్ పదబంధమైన 'అడ్ హాక్'కు 'దీని కొరకు' అని అర్థం. ఒక ఏర్పాటు వెనుక ఉన్న నిర్దిష్ట ప్రయోజనాన్ని అది సూచిస్తుంది. తెలుగులో దానికి తరచుగా వాడే 'తాత్కాలిక' అన్న మాట కాలపరిమితిని మాత్రమే తెలుపుతుంది. ఈ భేదం స్వల్పమైనది కాదు.

పూర్వ యుగోస్లావియా యుద్ధనేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1993లో నెలకొల్పిన అడ్ హాక్ న్యాయస్థానం 2017 వరకు పనిచేసింది. 24 ఏళ్లు నడిచిన ఆ సంస్థ స్వభావాన్ని నిర్ణయించింది ఉద్దేశమే కాని వ్యవధి కాదు.

కార్ల్ పాపర్ విజ్ఞానశాస్త్ర తాత్త్వికతలో, సిద్ధాంతాన్ని ఖండన నుండి కాపాడడానికే అతికించిన పరికల్పన అడ్ హాక్ అవుతుంది. దానిని 'తాత్కాలిక పరికల్పన' అంటే పరిశోధనలో సహజమైన తొలి ఊహగా తోస్తుంది. అందలి ఆక్షేపణ లోపిస్తుంది.

'తదర్థ' అన్న సంస్కృత సమాసం మూలానికి సన్నిహితం. అయితే ముందుచూపు లేని ఏర్పాటు అన్న నిందార్థం అందులో స్ఫురించదు. అటువంటి సందర్భంలో 'అప్పటికప్పుడు చేసిన' అనడమే సముచితం.

ఈ పదనిర్ణయం పరిభాషకే పరిమితం కాదు. ఏళ్ల తరబడి కొనసాగే అడ్ హాక్ అధ్యాపక నియామకాన్ని 'తాత్కాలికం' అంటే చర్చ గడువు పొడిగింపు వద్దే ఆగుతుంది. 'తదర్థం' అంటే, ఏ ప్రత్యేక అవసరానికని అడగవలసి వస్తుంది. బోధన కళాశాలకు నిత్యావసరం కనుక ఆ ప్రశ్నకు సమాధానం దొరకదు.