మలి వయస్సులో మధుమేహం, కొలెస్టరాల్: మూడు పథ్యాల విమర్శ

మధుమేహమున్నవారిని అన్నం తగ్గించమంటారు. రక్తంలో కొలెస్టరాల్ హెచ్చినవారిని నెయ్యి, నూనె తగ్గించమంటారు. నర్సీపట్నం వంటి ఊరిలో అరవై ఐదేళ్లు దాటి, ఈ రెండు చిక్కులూ కలిసి వచ్చినవారికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. అన్నమూ పోయి, నెయ్యీ పోతే కంచంలో మిగిలేదేమిటి? 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారం దేశంలో మధుమేహులు సుమారు 10.1 కోట్ల మంది. కనుక ఇది ఏ ఒక్క ఇంటి ప్రశ్నా కాదు.

దీనికి తెలుగునాట మూడు సమాధానాలు బాగా ప్రచారం పొందినవి. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె లేని ప్రకృతి ఆహారాన్ని బోధించారు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ధాన్యాలను మానిపించి రోజుకు 70 నుంచి 100 గ్రాముల క్రొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు విటమిన్ మాత్రలు తీసుకొమ్మన్నారు. మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ కొర్రలు, అరికలు, సామలు, ఊదలు, అండుకొర్రలు అనే ఐదు సిరిధాన్యాలను సూచించారు. ఒకరు నూనె మానమంటే, ఒకరు క్రొవ్వే తినమన్నారు. ఇంకొకరు ధాన్యం మార్చమన్నారు. సామాన్యుడు తికమక పడటంలో వింత లేదు.

వీటిని తూచడానికి ముందు శరీరంలో జరిగే పని తెలియాలి. ఈ రెండు వ్యాధులూ కలిసే కూడలి కాలేయం. తిన్న పిండిపదార్థం అవసరానికి మించితే, కాలేయం కొంత భాగాన్ని క్రొవ్వుగా మార్చి ట్రైగ్లిసరైడుల రూపంలో రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని మధుమేహులలో ఈ పని మరింత జోరుగా సాగుతుంది. రక్తంలోని చెడ్డ కొలెస్టరాల్‌ను తీసివేసేది కూడా ముఖ్యంగా కాలేయమే. నెయ్యి, కొబ్బరినూనె వంటి సంతృప్త క్రొవ్వులు ఎక్కువైతే ఆ పని మందగిస్తుంది. నెయ్యిలో ఇంచుమించు 60 శాతం, కొబ్బరినూనెలో 80 శాతానికి పైగా సంతృప్త క్రొవ్వే. కాబట్టి ఏ పథ్యాన్నైనా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: తీసివేసిన వస్తువు స్థానంలో ఏది వచ్చింది?

ఈ ప్రశ్నతో చూస్తే మూడింటిలోని మంచిచెడులూ తేటపడతాయి. అన్నం తీసి నెయ్యి పెడితే రక్తంలో చక్కెర, ట్రైగ్లిసరైడులు తగ్గుతాయి. బరువూ తగ్గుతుంది. ఇది నిజం. కాని చాలామందిలో చెడ్డ కొలెస్టరాల్ పెరుగుతుంది. వంద గ్రాముల క్రొవ్వు అంటే 900 కాలరీలు. నూనె మానితే క్రొవ్వు తగ్గుతుంది, కూరగాయలు పెరుగుతాయి. ఇదీ మేలే. కాని ఆకలి తీరక అన్నమో, తీయని పండ్లో ఎక్కువ తింటే చక్కెర మళ్లీ ఎక్కుతుంది. తెల్లబియ్యం బదులు సామలు తింటే పీచు కొంత ఎక్కువగా అందుతుంది. నర్సీపట్నానికి ఎగువనున్న మన్యంలో సామలూ చోడీ పండుతాయి కనుక ఇది కొత్త తిండీ కాదు. కాని చిరుధాన్యమైనా ధాన్యమే. చోడి బరువులో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. దాన్ని మెత్తగా విసిరి అంబలి కాచి, అనకాపల్లి బెల్లం కలిపి తాగితే చక్కెర వేగంగానే పెరుగుతుంది.

ఈ ప్రచారాలలో సాధారణంగా మరుగున పడే విషయం వయస్సు. నలభై ఏళ్ల మనిషికి సరిపడే పథ్యం డెబ్బై ఏళ్ల మనిషికి హాని చేయవచ్చును. వృద్ధులలో కండ కరిగిపోతూ ఉంటుంది. దాన్ని నిలుపుకొనడానికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే ఆ లెక్క వైద్యుడే చెప్పాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మందులు వాడుతూ ఒక్కసారిగా అన్నం మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. గుండె, మూత్రపిండాలు బలహీనమైనవారికి నాలుగు లీటర్ల నీరు భారమవుతుంది. ఉప్పు తగ్గించడం మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాములకు లోపు అన్నది. కాని మూత్రం జారీచేసే మందులు వాడే ముసలివారు బొత్తిగా మానితే రక్తంలో సోడియం పడిపోవచ్చును.

అతి పట్టుదల ఎంత చేటో మందుల చికిత్సలోనే రుజువైనది. అమెరికా, కెనడాలలో 10,251 మంది మధుమేహులపై జరిగిన అకార్డ్ అధ్యయనంలో చక్కెరను మరీ తక్కువకు దించాలని ప్రయత్నించిన వర్గంలో 257 మంది, సాధారణ చికిత్స పొందిన వర్గంలో 203 మంది మరణించారు. అందుచేత 2008లో ఆ తీవ్ర చికిత్సను ఆపివేశారు. ఇతర జబ్బులు పలుకలిగిన వృద్ధులకు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8 శాతానికి లోపు ఉంటే చాలునని అమెరికా మధుమేహ సంఘం చెబుతున్నది.

మరి కంచంలో ఏముండాలి? సగం ఆకుకూరలు, వంకాయ, బీర, ఆనపకాయ వంటి కూరలు. పావు వంతు పప్పు, ఉలవలు, చేపలు, గుడ్డు. మిగిలిన పావు వంతు అన్నమో, సామలో. రోజుకు నాలుగు చిన్న చెంచాల నువ్వుల నూనె లేదా వేరుశనగ నూనె. నెయ్యి వాసనకు మాత్రమే. ఇక్కడ తీసివేసిన అన్నం స్థానంలో పప్పు వచ్చింది, నెయ్యి స్థానంలో నూనె వచ్చింది. అందువల్ల చక్కెర, కొలెస్టరాల్ రెండూ ఒకే దారిన దిగుతాయి. ఇందులో కొత్తదనం లేదు కనుక పెద్ద సభలకు పనికిరాదు. పథ్యం మార్చేముందు మందుల చీటీని వైద్యునికి చూపించి, మూడు నెలల తరువాత రక్తపరీక్ష చేయించుకొంటే, ఏ బోధకుని మాట ఎంత నిజమో ఎవరి రక్తమే వారికి చెబుతుంది.